ఉప్పునీటి అక్వేరియానికి ఏ లైటు కొనాలి?

ప్రశ్న (విజయనగరం నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల ఉప్పునీటి తొట్టె ఉంది. ప్రస్తుతం అందులో రెండు క్లౌన్ చేపలు, కొంత లైవ్ రాక్ (సూక్ష్మజీవులు నివసించే సముద్రపు రాయి) మాత్రమే ఉన్నాయి. మున్ముందు మష్రూమ్, జోయాంథిడ్ వంటి మెత్తని పగడాలను పెట్టాలని కోరిక. మొక్కల తొట్టెకు వాడిన తెల్ల ఎల్‌ఈడీ లైటునే రోజుకు 12 గంటలు వేస్తుండగా, రాళ్ళ మీద పచ్చని నాచు జుట్టులా పెరుగుతోంది. దుకాణంలో 165 వాట్ల లైటు తీసుకోమంటున్నారు. ఒక మిత్రుడు తన పాత మెటల్ హాలైడ్ దీపాన్ని ఊరికే ఇస్తానంటున్నాడు. ఏది మేలో దయచేసి తెలుపగలరు.

జవాబు (శ్రీకాకుళం నుంచి)

వాట్లను చూసి నిర్ణయించుకోవద్దండీ. లైటు ఎంత కరెంటు తీసుకుంటుందో వాట్లు చెబుతాయి గాని, పగడానికి పనికివచ్చే వెలుగు ఎంత అందుతుందో చెప్పవు. పగడాల కణజాలంలో ఉండే సూక్ష్మ శైవలాలు ఆ వెలుగుతో ఆహారం తయారుచేసి, అందులో అధిక భాగాన్ని పగడానికే అందిస్తాయి కనుక, వాటికి బాగా ఉపయోగపడే 420 నుంచి 480 నానోమీటర్ల నీలి వెలుగు మీరు కొనే లైటులో తప్పక ఉండాలి. చేపలకు ఈ బాధ లేదు. వాటికి రాత్రీ పగలూ తేడా తెలిస్తే చాలు.

ఇలా ఆహార తయారీకి పనికివచ్చే వెలుగును కొలవడానికి పార్ (PAR) అనే ప్రమాణం ఉంది. మష్రూమ్‌లకు సుమారు 50, జోయాంథిడ్లకు సుమారు 100 సరిపోతుంది. ఫోనులోని లక్స్ కొలతను నమ్మకండి. అది మనిషి కంటికి తగినట్టు రూపొందినది కాబట్టి నీలి వెలుగును బాగా తక్కువగా చూపిస్తుంది. గట్టి పగడాలకు, అంటే రాతి పగడాలకు, 200 దాటాలంటారు గాని ఆ లెక్క మనకు అనవసరం: రాతి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, ఎవరు అమ్మజూపినా తీసుకోకండి.

ఇక బాగా వేడెక్కే మెటల్ హాలైడ్ దీపం ఉచితంగా వచ్చినా వద్దనే అంటాను. మే నెలలో మన ఇళ్ళలో తొట్టె నీరు 27 డిగ్రీలు దాటకుండా ఆపడమే కష్టం. దానిపై ఈ కొలిమి ఎందుకు? నీలం, తెలుపు విడివిడిగా తగ్గించుకోగల ఎల్‌ఈడీ మంచిది. 165 వాట్లది ఆ రకమే అయితే కొనవచ్చు, అయితే నీటికి అడుగు ఎత్తున వేలాడదీసి, మొదట నీలం 30 శాతం, తెలుపు 10 శాతం ఉంచి, మూడు నాలుగు వారాల్లో మెల్లగా పెంచండి. ఒక్కసారిగా వెలుగు పెంచితే పగడం తెల్లబారి చనిపోవచ్చు.

నాచు విషయంలో తప్పంతా లైటుదే కాదు. బోరు నీరు పోస్తుంటే ముందు ఆర్ఓ నీటికి మారండి, చేపలకు మేత తగ్గించండి. 12 గంటలను టైమరు పెట్టి ఎనిమిదికి కుదించండి.

అనుబంధం (సోంపేట నుంచి)

పై సభ్యులు చెప్పినదానికి రెండు మాటలు కలుపుతున్నాను. మూడడుగుల తొట్టెకు నడుమ ఒకే లైటు పెడితే రెండు కొసలూ మసకగా ఉంటాయి. మష్రూమ్‌లను అక్కడే ఉంచండి, వాటికి అదే హాయి. ఉప్పు తుంపర లైటు అద్దంపై పొరలా గట్టిపడి వెలుగును తగ్గిస్తుంది కనుక వారానికొకసారి ప్లగ్గు తీసి తడిగుడ్డతో తుడవాలి. నీటిబొట్లు వైరు వెంట జారి సాకెట్‌లోకి పోకుండా, వైరును సాకెట్ కంటే కిందికి వేలాడేలా వంచి పెట్టండి.

లైటుకు ఇన్వర్టరు కనెక్షను ఇవ్వనవసరం లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత మాకు రోజుల తరబడి కరెంటు లేదు. పగడాలు చీకటిని తట్టుకున్నాయి గాని, నీరు కదలక చేపలు ఊపిరాడక తేలిపోయాయి. ఇన్వర్టరు మీద నీటిని తిప్పే పంపు ఉంచండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. తొట్టె తూర్పు కిటికీ పక్కనే ఉందని చెప్పడం మరిచాను.

జవాబు (శ్రీకాకుళం నుంచి)

కిటికీ ఎండ కూడా నాచును పెంచుతుంది. అయితే ముందు ఆ కిటికీకి దళసరి తెర కట్టండి; కొత్త లైటు వచ్చే నెలలో కొనవచ్చు.