అడయార్ ఒడ్డున తీగ: డెర్రిస్ ట్రైఫోలియాటానా, స్కాండెన్సా?

చెన్నైలో అడయార్ నది పోటు నీళ్లు తాకే ఒడ్డున చెట్లమీదికి ఎగబాకిన తీగ ఇది. డెర్రిస్ అనే తీగల ప్రజాతిలో ట్రైఫోలియాటా, స్కాండెన్స్ అనే రెండు జాతుల్లో ఇది ఏదో తేల్చుకోవాలి. చిక్కుడు కుటుంబమని పువ్వే చెబుతోంది: తెలుపులో లేత గులాబీ ఛాయ, సుమారు సెంటీమీటరు పొడవు, ఆకు పంగల్లోంచి వేలాడే గుత్తులు. ఆకుకు 5 పత్రకాలు (ఆకులోని చిన్న ఆకులు), అడుగున వేలితో రాసినా నూగు తగలదు. ఇంతవరకూ ట్రైఫోలియాటాయే. చిక్కల్లా కొన్ని కొమ్మల ఆకులకు 7 పత్రకాలు ఉండటమే. ట్రైఫోలియాటాకు అది ఎక్కువ, అలాగని స్కాండెన్స్ అనలేం. స్కాండెన్స్‌కు సాధారణంగా 9 పైనే ఉంటాయి కదా!

కాయ కాస్తే సందేహమే ఉండదు. పొట్టిగా, బల్లపరుపుగా, 1-2 గింజలతో ఉంటే ట్రైఫోలియాటా, సన్నగా పొడుగ్గా ఉంటే స్కాండెన్స్. ఇప్పుడున్నవి పూలే. పువ్వులో గానీ పత్రకంలో గానీ రెంటినీ కచ్చితంగా విడదీసే గుర్తు తెలిసినవాళ్లు చెప్పండి. నమూనా కోసేవాళ్లు వేళ్ల ముక్కలు నీళ్లలో పడనివ్వకండి, డెర్రిస్ వేరు చేపలకు విషం.