అప్‌డేట్: మామూలు ఎక్స్‌రేలో సాఫ్ట్‌వేర్ ఇచ్చిన హెచ్చరిక, ఆపై వచ్చిన డెక్సా ఫలితం

దగ్గు తగ్గక తీయించిన ఛాతీ ఎక్స్‌రేలో అమ్మకు ఎముకల సాంద్రత తక్కువగా ఉండవచ్చని సాఫ్ట్‌వేర్ సూచించిందనీ, దాన్ని నమ్మవచ్చా అనీ ఇంతకుముందు అడిగాను. ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ తప్పక చేయించమన్న మీ సలహా పాటించాము. తుంటి దగ్గర తొడ ఎముక మెడభాగంలో టీ-స్కోరు (ఆరోగ్యవంతులైన యువత ఎముకల సాంద్రతతో పోల్చి ఇచ్చే సంఖ్య) మైనస్ 2.7 వచ్చింది, మైనస్ 2.5 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే ఎముకలు గుల్లబారే జబ్బయిన ఆస్టియోపొరోసిస్‌గా పరిగణిస్తారు కాబట్టి, ఆ హెచ్చరిక నిజమేనని తేలింది.

డాక్టరు గారు అదే ఎక్స్‌రేను తెరపై పెద్దది చేసి, కాలర్ ఎముక అంచున ఉండవలసిన గట్టి తెల్లని పొర ఎంత పలుచబడిందో వేలు పెట్టి చూపించారు. ఎముకలో సుమారు 30 శాతం ఖనిజం పోయేవరకు మామూలు ఎక్స్‌రేలో కంటికి తేడా తెలియదనీ, డెక్సా ఫలితాలతో జతచేసిన ఎక్స్‌రేలపై శిక్షణ పొందిన సాఫ్ట్‌వేర్ అంతకంటే సూక్ష్మమైన మార్పులను పట్టుకోగలదనీ, అయినా అది ఎవరికి పరీక్ష అవసరమో చెప్పేదే తప్ప రోగనిర్ధారణ కాదనీ వివరించారు. సాఫ్ట్‌వేర్ ఏమీ చూపనంత మాత్రాన ఎముకలు బాగున్నాయని అనుకోకూడదన్న మాట నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది.

వెన్నుపూసల్లో తెలియకుండా ఏర్పడిన పగుళ్లు ఉన్నాయేమోనని పక్కనుంచి మరో ఎక్స్‌రే తీశారు. అదృష్టవశాత్తు ఏవీ లేవు. విటమిన్ డి, కాల్షియం, థైరాయిడ్, మూత్రపిండాల పరీక్షల ఫలితాలు వచ్చాక మందు నిర్ణయిస్తారు.