కొత్తగా డాలస్ వచ్చినం – చర్చి వెనుక చిన్న స్కూల్‌ల బాబును వేయొచ్చా?

నయీంనగర్ అమ్మ:
అందరికి నమస్తే. హన్మకొండ నుంచి ఆగస్టుల డాలస్ పక్కకు వచ్చినం. మావారు ఎల్-1 (కంపెనీ బదిలీ మీద ఇచ్చే వీసా), నేను, బాబు ఎల్-2 (దాని మీద కుటుంబానికి ఇచ్చే వీసా). బాబుకు అక్టోబర్ 9కి అయిదేండ్లు నిండుతయి. అక్కడ ఎల్కేజీ అయిపోయి యూకేజీల కూసున్నడు. ఇక్కడ పబ్లిక్ స్కూల్‌కు (సర్కారు బడికి) పోతే, కిండర్‌గార్టెన్‌కు సెప్టెంబర్ 1కే అయిదు నిండాలె, వచ్చే ఏడు రాండ్రి అన్నరు. మా అపార్ట్‌మెంట్ ఎదురుంగ చర్చి వెనుక చిన్న క్రిస్టియన్ స్కూల్ ఉన్నది. అన్ని క్లాసులు కలిపి ఎనభై మంది పిల్లలుంటరేమో. వాళ్లు ఇప్పుడే తీసుకుంటమంటున్నరు. మావారు కాజీపేటల మిషన్ స్కూల్‌ల చదివిండ్రు, "మేమందరం చదవలేదా, ఏం కాదు" అంటున్నరు. అసుంటి స్కూళ్లల్ల పిల్లలను వేసినోళ్లు జర చెప్పుండ్రి. ఇంకోటి, లంచ్ బాక్స్‌ల పప్పన్నం పెట్టి పంపొచ్చా?

కాజీపేట జంక్షన్ (22 ఏండ్ల సంది ప్లేనోల):
చెల్లె, స్కూల్ సంగతి తర్వాత. మీ లీజు ఎప్పటిదాక ఉన్నదో ముందు చూసుకో. ఇక్కడ ప్రాపర్టీ ట్యాక్స్‌ల పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్ట్‌కే (మన ఏరియా పబ్లిక్ స్కూళ్లను నడిపేటోళ్లకే) పోతది. కిరాయికి ఉన్నా తప్పదు, ఓనరు మన కిరాయిలనే గుంజుతడు. పైసలు కట్టిన బడిని ఇడిసిపెట్టి ఇంకో బడికి ఫీజు కట్టుడు ఏం తెలివి? మంచి డిస్ట్రిక్ట్ చూసుకొని మారుండ్రి. ఒక ఏడు ఇంట్ల ఉంటే పిలగాడు ఏం అరిగిపోడు. ఇంకోటి, ప్రైవేట్ స్కూల్ అంటే ఐ-20 (స్టూడెంట్ వీసాకు స్కూలోళ్లు ఇచ్చే కాయితం) కావాలె, ఎఫ్-1కు (స్టూడెంట్ వీసాకు) మారాలె. ఇది పక్కా.

భద్రకాళి బండ్:
అన్నా, పొద్దుగాల్నే భయపెట్టకు. ఐ-20 అనేది ఎఫ్-1 మీద వచ్చే పిల్లలకు. ఎల్-2, హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబ వీసా) పిల్లలు ఉన్న వీసా మీదనే ఏ స్కూల్‌కైనా పోతరు. మా ఇద్దరు అట్లనే పోయిండ్రు. చెల్లె, నువ్వు టీకాల కార్డు తీసి పెట్టుకో. మన పిల్లలకు బీసీజీ (టీబీ టీకా) పడ్డది గదా, స్కూలోళ్లు టీబీ పరీక్ష అడిగితే చేతి మీద సూది పరీక్షకు వాపు రావొచ్చు. రక్త పరీక్షనే చేయమని డాక్టర్‌కు ముందే చెప్పు. మా పెద్దోనికి వాచి ఎక్స్‌రే దాక పోయినం.

ములుగు రోడ్డు:
వీసా సంగతి అట్లుంచు. నువ్వు చూడాల్సింది ఎన్‌రోల్‌మెంట్ కాంట్రాక్ట్, అంటే పిల్లను చేర్చేటప్పుడు సంతకం పెట్టే కాయితం. మా కథ జర పొడుగున్నది, చాయ పెట్టుకొని చదువు.

మా వాడు అప్పుడు మూడో క్లాస్. మార్చిల సంతకం పెట్టినం. ప్రిన్సిపాల్ కాఫీ ఇచ్చింది, మంచిగ మాట్లాడింది, పిలగాని పేరు మొదటిసారికే సరిగ్గ పలికింది. మా ఆవిడ అక్కన్నే పడిపోయింది. క్లాస్‌రూం చూపెట్టమని మేం అడగలే, వాళ్లు చూపెట్టలే. ఆగస్టుల మొదటిరోజు దింపనీకి లోపలికి పోతే బోర్డు లేదు, టీచర్ ముంగట నిలవడి చెప్పుడు లేదు. గోడ పొంటి చెక్క అరలు, ఒక్కో అరల ఒక్కో పిల్ల, గోడ దిక్కు మొఖం పెట్టి. హన్మకొండ చౌరస్తల పాత ఎస్టీడీ బూత్‌లు యాదికొచ్చినయి. డౌటొస్తే అర మీద చిన్న జెండా నిలవెట్టాలె, అప్పుడు సూపర్‌వైజర్ వస్తది. సన్న సన్న బుక్కులు ఇస్తరు, పిల్లలు తామే చదువుకోవాలె, నడుమ బల్ల కాడికి పోయి జవాబులు చూసి తామే దిద్దుకోవాలె. ఇది 1970ల టెక్సాస్‌లనే పుట్టిన పద్ధతని తర్వాత తెలిసింది. తనంతట తాను చదువుకునే పిల్లలకు నడుస్తది కావొచ్చు. మా వానికి ఒక్కడే కూసునుడు పడది. నెల తిరగకముందే జెండా లేపుడు మానేసిండు. ఎందుకురా అంటే, "లేపినా ఎవ్వరు రారు డాడీ" అన్నడు.

అక్టోబర్‌ల తీసేస్తమంటే కాంట్రాక్ట్ తెచ్చి ముంగట పెట్టిండ్రు. ఆరో పేజీల ఉన్నది: మధ్యల తీసేసినా ఏడాది ఫీజు మొత్తం బాకీనే. మిగిలిన ఏడు నెలలది కట్టుమన్నరు, కట్టేదాక రికార్డులు ఇయ్యమన్నరు. ఎన్ని ఈమెయిళ్లు రాసిన్నో. ఆఖరికి సగానికి తెగింది. ఈ లోపల పబ్లిక్ స్కూల్ రికార్డుల కోసం ఆగకుండ పిలగాన్ని తీసుకున్నది. ఆ కాంట్రాక్ట్ ఇప్పటికీ నా దగ్గర ఉన్నది. ఆరో పేజీ మీద కాఫీ మరక, వాళ్లిచ్చిన కాఫీనే.

కాజీపేట జంక్షన్:
నేను ముందే చెప్పలేదా?

ములుగు రోడ్డు:
నువ్వు చెప్పింది ఐ-20 గురించి అన్నా.

మానేరు డ్యాం (కరీంనగర్ ఆడబిడ్డ, అర్వింగ్):
అందరు ఒక్కతీరుగ ఉండరు. మా పాప నాలుగేండ్లు అసుంటి స్కూల్‌లనే చదివింది, క్లాస్‌కు పదకొండు మంది. ఒక్క ఏడాదిల గడగడ చదువుడు వచ్చింది. మా ఆయనకు ఆపరేషన్ అయినప్పుడు స్కూల్ తల్లులు పేర్లు రాసుకొని వంతులవారి రెండు వారాలు వంట తెచ్చి గుమ్మంల పెట్టి పోయిండ్రు. మేం మాంసం తినమని తెలుసుకొని మరీ వండిండ్రు. మన అసోసియేషనోళ్లు ఒక్కరన్న రాలే, అది వేరే ముచ్చట.

చిక్కు సైన్స్ కాడ వచ్చింది. వాళ్ల పుస్తకంల భూమి వయసు ఆరు వేల ఏండ్లు. సెలవులకు పోయినప్పుడు మా నాయిన పాపను హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంకు తీస్కపోయి కోటాసారస్‌ను చూపెట్టిండు, మన పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దిక్కు దొరికిన డైనోసార్ అది. కోట్ల ఏండ్ల కింద బతికిందని చెప్పిండు. పాప తిరిగొచ్చి క్లాస్‌ల అదే చెప్పింది. టీచర్ కోపం చేయలే, మెత్తగనే "మన పుస్తకం అట్ల చెప్పది" అన్నది. ఆ రాత్రి పాప నన్ను అడిగింది, తాతయ్య అబద్ధం చెప్పిండా అని. నాలుగో క్లాస్ అయినంక మార్చినం.

పొద్దుగాల మూడు ప్రతిజ్ఞలు చెప్పిస్తరు: అమెరికా జెండాకు, క్రైస్తవ జెండాకు, బైబిల్‌కు. అది తెలిసి వేయుండ్రి, తెలిసినంక లొల్లి చేయొద్దు.

భద్రకాళి బండ్:
ఇదే చెల్లెకు చెప్పాల్సిన మాట. కాజీపేట మిషన్ స్కూల్ లెక్క అనుకొని పోవద్దు. అక్కడి సెయింట్ గాబ్రియేల్ స్కూల్ 1955 సంది ఉన్నది, మాంట్‌ఫోర్ట్ బ్రదర్స్‌ది, క్యాథలిక్. మా కాలంల క్రిస్టియన్ పిల్లలు క్యాటికిజంకు (వాళ్ల మత పాఠాలకు) పోతుండ్రి, మాకు మారల్ సైన్స్. బొట్టు పెట్టుకొనే పోతుంటిమి. ఇక్కడి చిన్న చర్చి స్కూళ్లల్ల రెండు దారులుండయి, అందరికి ఒకటే క్లాస్. కొన్నిట్ల తల్లిదండ్రులు కూడ విశ్వాస పత్రం మీద సంతకం పెట్టాలె, పాస్టర్ ఉత్తరం తేవాలె. చెల్లె వాళ్లాయన మనసుల ఉన్న స్కూల్‌కు ఇక్కడి క్యాథలిక్ స్కూళ్లే దగ్గరగ ఉంటయి.

కాజీపేట జంక్షన్:
ఎవ్వరి స్కూలైనా క్రమశిక్షణ క్రమశిక్షణే. నేను గాబ్రియేల్ బ్యాచ్, నాకు తెల్వదా? చెల్లె, మీ ఆయనది ఏ బ్యాచ్?

భద్రకాళి బండ్:
ఇగ మొదలైంది.

పాకాల:
ఎవ్వరు అసలు ముచ్చట చెప్పలే. చెల్లె, ప్రైవేట్‌ల ఇప్పుడు కిండర్‌గార్టెన్ చదివిచ్చి వచ్చే ఏడు పబ్లిక్‌ల ఫస్ట్ గ్రేడ్‌కు పోదామనుకుంటున్నవా? అప్పుడు సెప్టెంబర్ 1కి బాబుకు ఆరు నిండవు. వాళ్లు మళ్లీ కిండర్‌గార్టెన్‌లనే కూసోవెడ్తరు. ఆ ఫీజంత ఉత్తదే. టెక్సాస్‌ల ప్రైవేట్ స్కూళ్ల మీద రాష్ట్రం అజమాయిషీ దాదాపు లేదు, టీచర్‌కు సర్టిఫికెట్ ఉండాలనే రూలు కూడ లేదు. అక్రెడిటేషన్ (బయటి సంస్థ ఇచ్చే గుర్తింపు) ఉన్నదా, ఎవరిచ్చిండ్రు అని అడుగు.

నువ్వు కిండర్‌గార్టెన్ అడిగినవు, వాళ్లు లేదన్నరు. ప్రీ-కె (కిండర్‌గార్టెన్ ముందటి క్లాస్) అడిగినవా? సెప్టెంబర్ 1కి నాలుగు నిండి, ఇంగ్లీష్ మాట్లాడుడు, అర్థం చేసుకునుడు రాని పిల్లలకు పబ్లిక్‌ల ప్రీ-కె ఫ్రీ. ఫారంల ఇంటి భాష అడుగుతరు, తెలుగు అని రాయి. వాళ్లు బాబుకు చిన్న పరీక్ష పెడ్తరు. చానామంది మనోళ్లు "మా వానికి ఇంగ్లీష్ మస్తు వచ్చు" అని గొప్పకు ఇంగ్లీష్ రాసి పోగొట్టుకుంటరు.

నయీంనగర్ అమ్మ:
అన్నా, నిజంగ అదే చేసినం. మావారు ఫారంల ఇంగ్లీష్ అని రాసిండ్రు! రైమ్స్ అన్ని చెప్తడు గని, పార్క్‌ల ఎవరన్న పలకరిస్తే నా వెనుక దాక్కుంటడు. సోమవారం పోయి మళ్లీ అడుగుత. మావారిది 1999 బ్యాచ్. పప్పన్నం సంగతి ఎవ్వరు చెప్పలే.

మానేరు డ్యాం:
పెట్టు చెల్లె. వేడి చేసి ఇయ్యరు గనుక థర్మాస్ కొను. పొద్దుగాల మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి, పారవోసి, అప్పుడు అన్నం పెడితే పన్నెండింటి దాక వేడిగుంటది. పల్లీలు మాత్రం వద్దు, చానా స్కూళ్లల్ల రానియ్యరు. సర్వపిండి అసలే వద్దు. సకినాలు పంపు.

ములుగు రోడ్డు:
సకినాలల్ల నువ్వులుంటయి అక్కా. 2023 సంది నువ్వులు కూడ ఇక్కడ అలర్జీ లిస్టుల ఉన్నయి.

కాజీపేట జంక్షన్:
నువ్వులు లేకుంటే అవి సకినాలెట్లయితయి? 1999 అంటే మా తమ్ముని బ్యాచే. చెల్లె, మీ ఆయనను ఫోన్ చేయమను.