నోడిస్కార్డ్‌లో రాసిన కారణం, విలువని వేరియబుల్‌లో పెట్టగానే మాయమవుతోంది

భీమవరం దగ్గర రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటార్లు) నడిపే కంట్రోలర్‌కి సీ++ 20లో కోడ్ రాస్తున్నామండి. కంపైలర్ జీసీసీ 13, వార్నింగులు చూపించే వాల్ ఆప్షన్ ఆన్‌లోనే ఉంది. మోటార్ స్టార్ట్ చేసే ఫంక్షన్‌కి నోడిస్కార్డ్ (తిరిగొచ్చే విలువని వదిలేస్తే వార్నింగ్ ఇమ్మని చెప్పే గుర్తు) పెట్టి, "ఫాల్స్ వస్తే మోటార్ తిరగలేదు, అలారం మోగించాలి" అని కారణం కూడా రాశాను. ఊరికే పిలిచి వదిలేస్తే వార్నింగ్‌లో ఆ వాక్యం చక్కగా కనిపిస్తోంది. కానీ టీమ్‌లో కొత్త కుర్రాళ్లు ఆ విలువని ఒక వేరియబుల్‌లో పడేసి చూడకుండా వదిలేస్తున్నారు, అప్పుడు "అన్‌యూజ్డ్ వేరియబుల్" అని మాత్రమే వస్తోంది, దానికి వాళ్లు, వాడకపోయినా వార్నింగ్ వద్దని చెప్పే మేబీ అన్‌యూజ్డ్ తగిలించేస్తున్నారు (వాళ్లనీ అనలేం, ఆ మెసేజ్ చెప్పేదే అంత). తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే టైంలో మోటార్ ఆడకపోతే రొయ్యలు తేలిపోతాయి, అందుకే నాకు టెన్షన్.

బూల్ బదులు సొంత క్లాస్ రిటర్న్ చేసి, నోడిస్కార్డ్ ఆ క్లాస్‌కే పెట్టినా అదే కథ. దానికి డిస్ట్రక్టర్ (ఆబ్జెక్ట్ పోయేటప్పుడు నడిచే కోడ్) రాస్తే ఉన్న వార్నింగ్ కూడా పోయింది. క్లాస్‌కి జీసీసీ వాళ్ల వార్న్ అన్‌యూజ్డ్ యాట్రిబ్యూట్ పెడితే తిరిగొచ్చింది గానీ కారణం లేకుండానే.

విలువని వేరియబుల్‌లో పెట్టి వదిలేసినప్పుడు కూడా నేను రాసిన కారణం కనిపించేలా చేసే దారి, జీసీసీలో గానీ కోడ్‌లో తప్పులు వెతికే క్లాంగ్ టైడీ టూల్‌లో గానీ, ఏమైనా ఉందా?