డ్రాయింగ్ పీరియడ్ తీసేశారు. ఇంట్లో కూడా బొమ్మలు మాన్పించాలా?

ప్రశ్న: కొర్లగుంట, తిరుపతి నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మా అమ్మాయి తిరుపతిలో ఒక ప్రైవేటు బడిలో ఎనిమిదో తరగతి చదువుతోంది. నిరుటి వరకు వారానికి రెండు డ్రాయింగ్ పీరియడ్లు, ఒక సంగీతం పీరియడు ఉండేవి. ఈ ఏడాది బడి తెరిచిన వారంలోనే ఆ మూడింటినీ తీసేసి ఐఐటీ ఫౌండేషన్ తరగతులు పెట్టారు. తల్లిదండ్రుల సమావేశంలో అడిగితే, బొమ్మలు ఇంట్లో వేసుకోవచ్చు కదమ్మా అన్నారు. అయితే ఇంట్లో అడ్డుపడింది నేనే. యూనిట్ పరీక్షలో లెక్కల మార్కులు తగ్గాయని కోపం వచ్చి, తన డ్రాయింగ్ పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఆ పుస్తకంలో ఏముందో చెప్పాలి. మొన్న గంగమ్మ జాతరకు తాతయ్యగుంట వీధిలో నిలబడి తను ఒక్కొక్క రోజు వేషాన్నీ చూసి వచ్చి గీసుకుంది. బైరాగి వేషం నాడు ఒంటికి పూసుకునే తెల్లని నామకొమ్ము సుద్ద, బండ వేషం కుంకుమ ఎరుపు, తోటి వేషం బొగ్గు నలుపు, దొర వేషం గంధం రంగు, ఇలా ఏ రోజు రంగు ఆ రోజు పేజీకి పూసింది. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న జాతరే అయినా, రోజు మారితే రంగు మారుతుందన్న సంగతి ఆ పుస్తకం చూసేదాకా నాకు పట్టలేదు.

పుస్తకం దాచిన మర్నాటి నుంచి అమ్మాయి తెల్లవారుజామున లేవడం మానేసింది. అంతకుముందు వాళ్ళ అవ్వతో కలిసి వాకిట్లో ముగ్గు వేసేది. మా అత్తగారు ఏమీ అనలేదు. నడుము వంగకపోయినా ఒక్కరే చిన్న ముగ్గు వేసి లోపలికి వస్తున్నారు.

నేను అడిగేది ఇది. చదువుకు కళ నిజంగా ఏమైనా ఇస్తుందా, లేక మన మనసుకు నచ్చజెప్పుకోవడానికి అలా అనుకుంటామా? పదో తరగతి అయ్యేవరకు బొమ్మలు పక్కన పెట్టించడం తప్పవుతుందా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

జవాబు 1: చిత్తూరు దగ్గర జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల లెక్కల ఉపాధ్యాయుడు

అమ్మా, ముందు చట్టం సంగతి చెబుతాను, ఎందుకంటే డ్రాయింగు బడివాళ్ళు దయతలచి ఇచ్చే కాలక్షేపమని చాలామంది అనుకుంటున్నారు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మందికి మించి పిల్లలున్న బడిలో కళావిద్యకు, వ్యాయామానికి, పనివిద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలి. 2020 జాతీయ విద్యావిధానం కూడా కళలకూ శాస్త్రాలకూ మధ్య గట్టి గోడలు ఉండకూడదని చెప్పింది. కాగితం మీద ఇంత ఉన్నా, టైంటేబులులో మొదటి కోత ఎప్పుడూ డ్రాయింగుకే పడుతుంది. నేను పనిచేసిన బడుల్లోనూ అదే చూశాను.

ఇక మీ అమ్మాయి ముగ్గుల గురించి. ఒక ధనుర్మాసంలో మా ఎనిమిదో తరగతి పిల్లల చేత, ‘ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు వచ్చే వరకు’ అని బడి వరండాలో ముగ్గు పెట్టించి, చుక్కలు మొత్తం ఎన్నని అడిగాను. మగపిల్లలు వేలు పెట్టి లెక్కపెడుతుంటే, రోజూ ఇంట్లో ముగ్గు వేసే పిల్ల ఒకతె నిలబడిన చోటే 37 అంది. నడుమ వరుసలో 7, దానికి అటూ ఇటూ 6, 5, 4 అని తను ముందే చూసేసింది. అదే పద్ధతిలో మూడు నుంచి రెండుకు వేస్తే 7 చుక్కలు, ఐదు నుంచి మూడుకు వేస్తే 19. ఈ 7, 19, 37 ఎక్కడివని అడుగుతూ పోతే పిల్లలే చివరకు ఘనాల దగ్గరికి వచ్చారు: 8 లోంచి 1 తీస్తే 7, 27 లోంచి 8 తీస్తే 19, 64 లోంచి 27 తీస్తే 37. సంక్రాంతికి వేసే పదిహేను నుంచి ఎనిమిది చుక్కల ముగ్గులో 169 చుక్కలుంటాయి. అది 512 లోంచి 343 తీసినంత.

మెలికల ముగ్గులో ఇంతకంటే లోతైన విషయం ఉంది. సరి చుక్కలు, అంటే ఒకదాని కింద ఒకటి నేరుగా వచ్చేలా చుక్కలు పెట్టి, పక్కపక్క చుక్కల మధ్య గీతలు దాటుకునేలా, అంచు దగ్గర వంగి వెనక్కి వచ్చేలా తిప్పుతూ పోతే, నిలువు 3, అడ్డం 4 చుక్కల ముగ్గు చెయ్యి ఎత్తకుండా ఒకే గీతలో ముగుస్తుంది. 4కి 4 పెడితే మాత్రం నాలుగు విడి గీతలు అవుతాయి. 4కి 6 అయితే రెండు. ఎన్ని గీతలు వస్తాయో చెప్పేది ఆ రెండు సంఖ్యల గరిష్ఠ సామాన్య భాజకం (గ.సా.భా.). ఐదో తరగతి నుంచి గ.సా.భా. కట్టిన పిల్లలు దాన్ని నేల మీద తిరుగుతూ చూడడం అదే మొదటిసారి. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఇరవై ఏళ్ళకు పైబడిన నా ఉద్యోగంలో అలాంటి నిశ్శబ్దం లెక్కల తరగతిలో ఎక్కువసార్లు వినలేదు.

కాబట్టి ముగ్గు మాన్పిస్తే లెక్కలు పెరుగుతాయని నేను నమ్మను. పుస్తకం ఇచ్చేయండి.

జవాబు 2: రేణిగుంట నుంచి ఒక తండ్రి

మాస్టారు చెప్పింది ఆసక్తిగా చదివాను. అయినా నా మాట కొంచెం వేరుగా ఉంటుంది, మన్నించాలి. మా నాన్న చిత్తూరు వైపు బెల్లం గానుగల దగ్గర కూలికి వెళ్ళేవారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మా ఊరి ధర్మరాజుల గుడిలో భారతం పెట్టిన పద్దెనిమిది రోజులూ, మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం ఒక్కటీ వదలకుండా చూసేవాణ్ణి. పద్యం బాగా వచ్చేది. పన్నెండో ఏట నాకు అభిమన్యుడి వేషం ఇస్తామంటే, పరీక్షలు దగ్గర పడ్డాయని మా నాన్న ఒప్పుకోలేదు. ఆ రోజు ఏడ్చాను. ఈ రోజు నాకు ఉద్యోగం ఉందంటే ఆయన అలా కట్టడి చేయడం వల్లనే అనుకుంటాను.

ఉన్నవాళ్ళ పిల్లలకు చదువూ, సంగీతమూ, రంగులపెట్టె అన్నీ అమరుతాయి, ఒకటి తప్పినా ఇంకొకటి పట్టుకుంటుంది. మనలాంటి ఇళ్ళలో ఒకే దారి ఉంటుంది, అది తప్పితే మళ్ళీ దొరకదు. అందుకే ఆ తల్లి భయాన్ని తేలిగ్గా తీసుకోవద్దని నా మనవి. ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పాలి. ఇప్పటికీ భారతం జరుగుతున్న ఊరు దారిలో తగిలితే బస్సు దిగకుండా ఉండలేను. అర్జునుడి వేషగాడు తపస్సు మాను అనే ఎత్తైన స్తంభం ఎక్కే రోజున జనంలో నిలబడి పద్యాలన్నీ లోపల్లోపల అనుకుంటూనే ఉంటాను. మా నాన్న చేసింది మంచిదే అని నమ్ముతూనే, ఆ వేషం కట్టలేదన్న వెలితిని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియదు.

జవాబు 3: శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసే మహిళ

అక్కా, మాస్టారి మీద గౌరవంతోనే చెబుతున్నాను: మార్కులకు పనికొస్తుందని చెప్పి బొమ్మను కాపాడకండి. రేపు మార్కులు పెరగకపోతే ఆ పుస్తకం మళ్ళీ బీరువాలోకే పోతుంది. బొమ్మ నేర్పేది వేరే ఉంది, దాన్ని నా పనిలోంచి చెబుతాను.

మేము గీసే ముందు గుడ్డను ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరేస్తాం. పాల జిడ్డు వల్ల గీత అటూ ఇటూ పాకదు. నలుపు కోసం ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతాం, దాన్ని కసిమి అంటాం. కుండలో ఉన్నప్పుడు అది నల్లగా ఉండదు. కరక్కాయ పట్టిన గుడ్డకు తగిలాకే నల్లబడుతుంది. గీసే కలం అంటే చెక్కిన వెదురు పుల్ల. దాని చుట్టూ గుడ్డ చుట్టి దారం కడతాం, వేళ్ళతో ఎంత నొక్కితే అంత రంగు దిగుతుంది. ఎరుపు రావలసిన చోట ముందు పటిక నీళ్ళు పూస్తాం. అప్పటికి కంటికి పెద్దగా ఏమీ కనబడదు. తరువాత పారే నీటిలో జాడించి, ఎరుపునిచ్చే వేరో చెక్కో వేసి కాచినప్పుడు, పటిక పడిన మేరకే ఎరుపు నిలుస్తుంది. ఒకప్పుడు మా పనంతా స్వర్ణముఖి పారుదలను బట్టి నడిచింది. నిలవ నీటిలో జాడిస్తే వదిలిన పటిక పక్కకు అంటుకుని బొమ్మ చెడిపోతుంది.

నా దగ్గరికి సెలవుల్లో నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు మొదటి వారం చాలా ఇబ్బంది పడతారు. కసిమి గీతకు రబ్బరు లేదు, తప్పు పడితే ఆ తప్పును ఆకుగానో, కొమ్మగానో, నగగానో మార్చి ముందుకు పోవాలి. కనబడని ఎరుపును మనసులో పెట్టుకుని చేయి కదపాలి. నదిలో నీళ్ళు లేకపోతే ఆగాలి. ఏ పరీక్షా అడగని ఈ సంగతులు రేపు పిల్లలు ఏ పనిలోకి వెళ్ళినా వాళ్ళ చేతిలో ఉంటాయి.

రేణిగుంట అన్నకు కూడా ఒక మాట చెప్పాలి. మీరన్న బీదరికం మాకూ తెలుసు. 1957లో ఇక్కడ కలంకారీ శిక్షణ కేంద్రం రాకముందు ఈ పని దాదాపు ఆగిపోయే దశకు వచ్చిందని మా పెద్దలు చెప్పేవారు. ఈ రోజు మా పని కుంటుపడుతున్నది చేతగాక కాదు, చూసే కళ్ళు తగ్గిపోయి. చేత్తో గీసిన గీత ఒకచోట లావెక్కి ఒకచోట సన్నబడుతుంది, రంగు గుడ్డ వెనక్కి కూడా దిగుతుంది. అచ్చు వేసిన గుడ్డలో ఒక నెమలికీ ఇంకో నెమలికీ తేడా ఉండదు. బాగా చదువుకుని, మంచి జీతాలున్నవాళ్ళు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టినా గుర్తుపట్టలేక, రెండూ ఒకటే కదా, ఇది ఎందుకింత ధర అని అడుగుతారు. వాళ్ళను తప్పుపట్టను, వాళ్ళకు ఏ బడిలోనూ ఎవరూ చూడడం నేర్పలేదు. చిన్నప్పుడు ఒక్క ఏడాదైనా బొమ్మలు వేసినవాళ్ళు వస్తే నాకు వెంటనే తెలిసిపోతుంది, ధర అడిగే ముందు వాళ్ళు గుడ్డను తిప్పి చూస్తారు. బడిలో డ్రాయింగ్ పీరియడ్ ఉండాలని నేను కోరేది అందరూ చిత్రకారులు కావాలని కాదు. మాధవమాలలో కొయ్య చెక్కేవాళ్ళూ, పలమనేరు వైపు మట్టిబొమ్మలు చేసేవాళ్ళూ, మేమూ అన్నం తినాలంటే, మంచి పనిని చూసి ఆగే మనుషులు ఊళ్ళో ఉండాలి.

జవాబు 4: మదనపల్లె నుంచి విశ్రాంత అధ్యాపకుడు

కళ డబ్బున్నవాళ్ళ సొత్తు అన్న అభిప్రాయం నాకు సమ్మతం కాదు. తాళ్ళపాక అన్నమయ్య (1408–1503) సంకీర్తనల్లో సువ్వి పాటలు, జోలలు, ఉయ్యాల పాటలు, గొబ్బి పాటలు ఉన్నాయి. వడ్లు దంచే చేతులు, బిడ్డను ఊపే చేతులు పాడుకున్న వరుసలవి. తీరిక ఉండి పుట్టినవి కావు, పని బరువును మోయడానికి పుట్టినవి. వాటినే ఆయన దేవుడి ముందుకు తెచ్చారు, అవే రాగిరేకుల మీదికెక్కి తిరుమల సంకీర్తన భండారంలో మనకోసం నిలిచాయి.

బడి విషయంలో మా ఊరికి ఒక జ్ఞాపకం ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో కొన్నాళ్ళు ఉండి, జనగణమనను ఆంగ్లంలోకి అనువదించారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ దాని వరుసకు స్వరలిపి రాశారు. ఆ కళాశాలలో సంగీతం తెలిసిన మనిషి ఉండడం, సాయంత్రం పూట విద్యార్థులు కూర్చుని పాట వినడానికి సమయం ఉండడం వల్లనే అది సాధ్యపడింది. ఇక్కడికి దగ్గర్లోనే, జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషి వ్యాలీ బడిలో అస్తాచల్ అని ఒక అలవాటు ఉంది: పిల్లలు సాయంత్రం మాట్లాడకుండా కూర్చుని సూర్యాస్తమయం చూస్తారు. దానికి ఖర్చు లేదు, పరీక్ష లేదు, మార్కులు లేవు. ఏ పల్లె బడి అయినా దాన్ని రేపటి నుంచే పెట్టుకోవచ్చు. మీ ఇంట్లోనైతే తెల్లవారుజామున ఆ పని మీ అత్తగారు చేస్తూనే ఉన్నారు, పక్కన కూర్చోవడానికి అమ్మాయి మాత్రం లేదు.

ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ కృతజ్ఞతలు. రేణిగుంట అన్నగారు రాసిన భయమే నాదీ. అది ఒక్కరోజులో పోదు, పోయిందని చెప్పను. కానీ మాస్టారు చెప్పిన 3కి 4 చుక్కలు నేను రాత్రి నోటుపుస్తకంలో పెట్టి చూశాను. గీత నిజంగానే మొదలుపెట్టిన చోటికి వచ్చి చేరింది. అమ్మాయి పక్కనుంచి చూసి, నువ్వు మూల దగ్గర వంపు సరిగా తిప్పలేదమ్మా అంది. ఈ వారంలో తను నాతో మాట్లాడిన మొదటి మాట అది. బీరువా తీసి పుస్తకం చేతికిచ్చాను. బడికి కూడా మరికొందరు తల్లిదండ్రులతో కలిసి వెళ్ళి, వారానికి ఒక్క పీరియడైనా తిరిగి పెట్టమని, చట్టంలోని మాట చూపించి అడుగుతాం.

శ్రీకాళహస్తి చెల్లెమ్మకు ఒక విన్నపం. ఆదివారం అమ్మాయిని తీసుకుని మీ పని చూడడానికి రావచ్చా?

శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసే మహిళ

తప్పకుండా రండి అక్కా. ఉదయం తొమ్మిది లోపల వస్తే పాలలో ముంచిన గుడ్డ ఆరేయడం చూడవచ్చు. అవ్వగారినీ తీసుకురండి, ముగ్గు వేసిన చేతికి కలం తొందరగా అలవాటవుతుంది. పాత బట్టలు వేసుకుని రమ్మనండి, కసిమి మరక పడితే పోదు.