నర్సుల చేతిలో నిర్ణయాధికారం ఎంత? కొలిచినవారి అనుభవాలు

క్వాలిటీ విభాగం, గాజువాక:
మా ఆసుపత్రిలో నిర్ణయాధికారం నర్సులకు ఎంతవరకు అందుతున్నదో కొలవమని యాజమాన్యం కోరింది. రాబర్ట్ హెస్ 1998లో ప్రచురించిన 86 అంశాల సూచికను వాడాలనుకుంటున్నాము. ఇందులో ఒక్కో అంశానికి 1 వేస్తే నిర్ణయం పూర్తిగా యాజమాన్యానిదని, 3 వేస్తే ఇరువర్గాలదీ సమానమని, 5 వేస్తే పూర్తిగా స్టాఫ్ నర్సులదని అర్థం. మొత్తం 173 నుంచి 344 మధ్య వస్తే అధికారాన్ని పంచుకుంటున్నట్లు లెక్క. దీన్ని ఉపయోగించినవారు అనుభవాలు తెలియజేయగలరు.

ఐసీయూ స్టాఫ్ నర్సు, మహారాణిపేట:
సిస్టర్, దయచేసి మొత్తం మార్కులను మాత్రమే చూసి తృప్తి పడకండి. 173ను 86తో భాగిస్తే 2 కంటే రవ్వంత ఎక్కువ వస్తుంది. అంటే దాదాపు ప్రతి నిర్ణయమూ పైవారే తీసుకుంటూ మా అభిప్రాయాన్ని కాస్త అడిగినా, అది పంచుకున్న అధికారం కిందికే వస్తుంది. మా ఐసీయూలో బెడ్‌సోర్లు రాకుండా రోగిని ఎప్పుడు తిప్పాలో, ఏ పరుపు వేయాలో మేమే నిర్ణయిస్తాము. డ్యూటీ రోస్టర్, సెలవులు, కొత్తవారి నియామకం విషయంలో మాత్రం మమ్మల్ని అడిగేవారే లేరు. ఈ రెండింటినీ కలిపేస్తే రెండో సంగతి కనబడకుండా పోతుంది. సూచికలో సిబ్బంది వ్యవహారాలు, సమాచారం, వనరులు వంటి ఆరు విభాగాలున్నాయి కనుక వాటిని విడివిడిగానే ప్రకటించండి.

నర్సింగ్ ట్యూటర్, పెదవాల్తేరు:
86 అంశాలంటే డ్యూటీ ముగించుకొని వచ్చినవారు సగంలోనే అలసిపోతారు. హేవెన్స్, వాసే 2003లో ప్రచురించిన కొలమానంలో 21 అంశాలే ఉన్నాయి. ఇప్పుడు నిర్ణయం ఎవరిది, ఎవరిదై ఉండాలి అని అది రెండు విధాలుగా అడుగుతుంది. ఆ రెండు జవాబుల మధ్య తేడాయే నాకు అన్నింటికంటే విలువైనదిగా తోస్తుంది. మా విద్యార్థినులు అడిగినప్పుడు, బడ్జెట్ బాధ్యత తమకు అక్కరలేదని, షిఫ్టులో ఎంతమంది ఉండాలో చెప్పే హక్కు మాత్రం కావాలని చాలామంది రాశారు.

ఇన్‌చార్జి సిస్టర్, ఆరిలోవ:
ట్యూటర్ మేడమ్ గారి మాటతో ఏకీభవిస్తున్నాను. ఇంకొక సంగతి. ఈ సూచికలు నావంటివారిని యాజమాన్యం వైపు లెక్కిస్తాయి. కానీ వార్డుకు కావలసిన సామాన్ల కోసం నేను రాసిన ఇండెంట్‌ను స్టోరులో సగానికి కోసేటప్పుడు నాకూ అధికారం లేదు. అందువల్ల ఇన్‌చార్జుల జవాబులను వేరుగా చూడాలి. ఫారాలను మాత్రం మా చేతుల మీదుగా పంచవద్దు, తిరిగి సేకరించనూ వద్దు. మా ఎదుట నిజం రాయడానికి కొత్త సిస్టర్లు జంకుతారు. పేరు రాయకపోయినా, చిన్న వార్డులో సర్వీసు ఎన్నేళ్లో రాస్తే మనిషి ఎవరో తెలిసిపోతుంది. కాంట్రాక్టు నర్సులను, నైట్ డ్యూటీవారిని విడిచిపెడితే ఫలితం ఎవరికీ ఉపయోగపడదు.

క్వాలిటీ విభాగం, గాజువాక:
అందరికీ కృతజ్ఞతలు. 21 అంశాల కొలమానాన్నే ప్రతిపాదిస్తాను. సర్వీసు ఏళ్ల ప్రశ్న తీసివేసి, మూసిన పెట్టెలో ఫారాలు వేయిస్తాము. డయాలిసిస్ వంటి చిన్న విభాగాలను దేనితో కలిపి లెక్కించారో ఎవరైనా చెప్పగలరా?

ఐసీయూ స్టాఫ్ నర్సు, మహారాణిపేట:
డయాలిసిస్‌ను మా ఐసీయూతో కలిపారు సిస్టర్. రోస్టర్ వేసే అధికారి ఒకరే కాబట్టి అది సరిపోయింది.