ఈ వారం సమస్య: నిద్ర చెడగొట్టువాడె పో నిజహితుండు

నిర్వాహకుడు (గవర్నరుపేట, విజయవాడ):
తేటగీతి పాదం ఇచ్చాను. సందర్భం: ఛార్జి అడుగంటగానే లైనక్స్ లాప్‌టాప్ తనంతట తాను నిద్రలోకి జారుకోవడం, దాన్ని ఆపడం. యతి తప్పితే ఒప్పుకోను.

బ్రాడీపేట సభ్యుడు (గుంటూరు):
వరుస పద్యాలు తెరపైన వ్రాయుచుండ
రెండు శాతాన యంత్రము రెప్ప వాల్చె;
నిలిపె నమరిక మార్చి మా నేస్తమొకడు;
నిద్ర చెడగొట్టువాడె పో నిజహితుండు.

లైనక్స్‌లో బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రాం యూపవర్. దాని అమరికలుండే యూపవర్.కాన్ఫ్ ఫైల్లో పర్సంటేజ్‌యాక్షన్ (ఎంత శాతానికి దిగితే యంత్రాన్ని నిద్రపుచ్చాలో చెప్పే అంకె) మామూలుగా 2 ఉంటుంది. దాన్ని 1కి దించి యూపవర్‌ని రీస్టార్ట్ చేశాడండి.

నిర్వాహకుడు:
‘రెప్ప వాల్చె’ ఎంత బాగుందో! రెండో పాదానికి అదే ప్రాణం. పేచీ మూడో పాదంతోనే. అమరిక మార్చినంత మాత్రాన హితుడైపోతాడా? నిద్రపోనివ్వకపోతే సున్నా దగ్గర కరెంటు పుటుక్కున తెగుతుంది. డిస్కులో ఫైళ్ల అమరికను చూసే ext4 ఫైల్‌సిస్టమ్‌ని దాని జర్నల్ (మార్పుల చిట్టా) కాపాడుతుందేమో గానీ, సేవ్ చేయని పద్యాన్ని కాపాడదు. అసలు యూపవర్ ముందు హైబ్రిడ్ స్లీప్‌కి (పనిని మెమరీలోనూ డిస్కులోనూ దాచి నిద్రపోవడం) చూస్తుంది, అది కుదరకపోతే హైబర్నేట్ (డిస్కులో దాచి ఆగిపోవడం), అదీ లేకపోతేనే పవరాఫ్. అంటే ఆ నిద్ర మన మేలుకే. దాన్ని చెడగొట్టడంలో హితం ఎక్కడుందో పద్యమే చెప్పాలి.

మొగల్రాజపురం సభ్యురాలు (విజయవాడ):
గురువు గారూ, నేను నిద్రను మనిషికి అన్వయించాను.

కునుకు పట్టిన వేళలోఁ గూత వెట్టి
పదికి దిగగానె పిలుచు నా బ్యాటరీయె
“లెమ్ము! వ్రాసిన పద్యాలు లెస్స దాచు!”
నిద్ర చెడగొట్టువాడె పో నిజహితుండు.

నిర్వాహకుడు:
విరుపు అద్భుతం అమ్మా. కానీ బ్యాటరీ ‘వాడు’ ఎలా అవుతుంది? ‘పిలుచు నా బంటొకండు’ అనండి. యతి చెడదు, తెర వెనక కాపలా కాసే యూపవర్‌కి ఆ మాట సరిగ్గా అతుకుతుంది.

అరండల్‌పేట సభ్యుడు (గుంటూరు):
ఒక్క మాట. అరిగిన బ్యాటరీ చూపే శాతాన్ని నమ్మకూడదు. ఎనిమిది చూపిస్తూనే ఆరిపోయేవి ఉంటాయి, అలాంటివాటికి 1కి దించి లాభం లేదు. కొత్త యూపవర్‌లో క్రిటికల్‌పవర్‌యాక్షన్‌కి (ఛార్జి అడుగంటితే ఏం చేయాలో చెప్పే అమరిక) ఇగ్నోర్, అంటే ‘ఏమీ చేయకు’ అని పెట్టుకోవచ్చు, అయితే అలాంటి ప్రమాదకర ఎంపికలకు అనుమతిచ్చే అలౌరిస్కీక్రిటికల్‌పవర్‌యాక్షన్‌ని ట్రూ చేస్తేనే. పేరులోనే ‘రిస్కీ’ అని హెచ్చరిక పెట్టారు. ఛార్జరు తగిలించి ఉన్నా శాతం తప్పు చూపే మెషీన్లకే నేను అది వాడమంటాను.

బ్రాడీపేట సభ్యుడు:
మూడో పాదం సవరించానండి:
భద్రపఱచియె నేస్తుడు బాగు చేసె;

నిర్వాహకుడు:
ఇప్పుడు హితం కుదిరింది. ‘అమరిక’ జారిపోయినందుకు బాధే గానీ, పద్యాలను ముందు దాచాకే చేయి వేశాడన్నది వచ్చింది. స్వీకరిస్తున్నాను.